ఎగిరే కొలువుకు ఎక్కడ ఇల్లు?
విమానం దగ్గరా, ఊరు దగ్గరా అని మోత్కూర్ ఇండ్లలో కొత్త లెక్కలు

మోత్కూర్: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కాని ఆ ఇల్లు ఎక్కడ కట్టాలన్న ప్రశ్న ఆ పెద్దలను అంతగా బాధించినట్లు లేదు. పొలం ఎక్కడుంటే ఇల్లు అక్కడే. కొలువులు వచ్చాక ఆఫీసు ఉన్న పట్నంలో ఇల్లు. ఇప్పుడు మోత్కూర్ మండలంలోని చాలా ఇండ్లలో మూడో రకం లెక్క మొదలైంది. కొడుకు కొలువు హైదరాబాదులో, పని బెంగుళూరులో, మీటింగులు ఢిల్లీలో. వారానికోసారి విమానం ఎక్కి దిగవలసిందే. అటువంటి వాడు ఇల్లు ఎక్కడ కొనాలి? శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరగానా, లేక అమ్మా నాయిన ఉన్న ఊరికి దగ్గరగానా? ఈ ప్రశ్న మీద అన్నదమ్ములు వాదులాడుకుంటున్నారు. అత్తా కోడళ్లు అలుగుతున్నారు. ఉన్న ప్లాటు అమ్మాలా వద్దా అని తండ్రీ కొడుకులు నెలల తరబడి తేల్చుకోలేకపోతున్నారు.

విమానమంటే సినిమాలో చూడటమే తప్ప ఎరుగని ఊళ్లకు ఇది కొత్త సమస్యే. అయినా తీసిపారేసేది కాదు. జీవితంలో ఒక్కసారి చేసే ఇంటి ఖర్చు దీనితో ముడిపడి ఉన్నది. అంతకంటె ముఖ్యంగా, ముసలితనంలో తలుపు తట్టే మనిషి ఎంత దూరంలో ఉంటాడన్న సంగతి ముడిపడి ఉన్నది.

పది గంటలకే బయలుదేరాలి

మోత్కూర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం సుమారు 120 కిలోమీటర్లు. ఊరికి రైలు లేదు. ఆలేరుకో, భువనగిరికో, వలిగొండకో పోతే తప్ప రైలు కూత వినపడదు. విమానాశ్రయానికి పోవలసిన వారు ఆత్మకూరు మీదుగా రాయగిరి చేరి వరంగల్ రహదారి పట్టుకుంటారు. కొందరు వలిగొండ మీదుగా భువనగిరి చేరుతారు. అక్కడి నుంచి బీబీనగర్, ఘట్‌కేసర్, ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు. ఇంకొందరు రామన్నపేట వైపు దిగి చిట్యాల వద్ద విజయవాడ రహదారి ఎక్కి, పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటారు. ఎటుపోయినా దారిలో టోల్ కట్టక తప్పదు. వరంగల్ రహదారి మీద బీబీనగర్ దగ్గర గూడూరు టోల్‌గేటు, విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు. వీటికి తోడు ఔటర్ రింగ్ రోడ్డు టోల్ వేరు.

అమెరికా, గల్ఫ్ దేశాలకు పోయే విమానాలు ఎక్కువగా రాత్రి వేళల్లో, తెల్లవారుజామున బయలుదేరుతాయి. పరదేశ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరుకోవాలన్నది నియమం. నాలుగు గంటల విమానమంటే ఒంటి గంటకల్లా అక్కడ ఉండాలి. దారిలో రెండున్నర గంటలు. టైరు పంక్చరైతేనో, లారీ అడ్డంగా నిలిచిపోతేనో అని ఇంకో అరగంట. మోత్కూర్‌లో రాత్రి పది గంటలకే కారు కదలాలి. అందుకే ఊళ్లో ఎవరింటి ముందైనా రాత్రిపూట అద్దె కారు ఆగి, దాని మీద పెద్ద పెట్టెలు కడుతున్నారంటే ఆ ఇంట్లో ఎవరో విమానం ఎక్కబోతున్నారని చుట్టుపక్కల వారికి చెప్పకుండానే తెలిసిపోతుంది. పచ్చళ్ల డబ్బాలు తూకం వేసే దృశ్యం కూడా కొత్తది కాదు.

ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి పోయే వారికి ఇది పండుగ వంటిది. వారం వారం పోయే వానికి మాత్రం శిక్షే.

అప్పుడు బస్సు దిగిన చోటే ఇల్లు

నల్లగొండ జిల్లా వారు హైదరాబాదులో ఎక్కడ స్థిరపడ్డారో చూస్తే ఒక విషయం బోధపడుతుంది. భువనగిరి, ఆలేరు, మోత్కూర్ వైపు నుంచి పోయిన వారు ఉప్పల్, బోడుప్పల్, రామంతపూర్, నాచారం వైపు ఇండ్లు కట్టుకున్నారు. నల్లగొండ, సూర్యాపేట, కోదాడ వైపు వారు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ చుట్టుపట్ల చేరారు. ఎందుకంటే ఊరి బస్సు ముందుగా ఆగేది అక్కడే. పండుగకు పోవాలన్నా, కల్లంలో వడ్లు చూసుకోవాలన్నా, చావు కబురు వస్తే పరుగెత్తాలన్నా ఊరి బస్సు దొరికే చోటు దగ్గరుంటే చాలుననేది వారి లెక్క. ఎవరూ పుస్తకంలో రాసిపెట్టని నగర ప్రణాళిక అది. ఊరి వైపు ముఖం పెట్టి పట్నంలో ఇల్లు కట్టుకున్నారు.

1970లలో, 80లలో గల్ఫ్ దేశాలకు పోయిన తెలంగాణ వారిలో చాలామంది ముందు బొంబాయికి పోయి అక్కడ విమానం ఎక్కారు. ఆ రోజుల్లో విమానాశ్రయానికి దగ్గరగా ఉండటమన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. రెండేళ్లకు ఒకసారి చేసే ప్రయాణం కోసం ఇంటి జాగా ఎంచుకునే వారెవరు?

బేగంపేట పోయి శంషాబాద్ వచ్చె

హైదరాబాదులో విమానమంటే చాలాకాలం బేగంపేటే. నిజాం కాలం నుంచి అక్కడ విమానాలు దిగేవి. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే నడిచింది. 1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. భువనగిరి, ఆలేరు ప్రాంతాల వారికి బేగంపేట ఒక విధంగా అనుకూలమే. రైలులో సికింద్రాబాద్ దిగితే విమానాశ్రయం నాలుగడుగుల దూరం అన్నట్లే ఉండేది.

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణీకుల విమానాలు ఆగిపోయాయి. 23 నుంచి శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పనిచేయటం మొదలుపెట్టింది. దానికి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. సుమారు 5,500 ఎకరాలలో కట్టిన ఈ విమానాశ్రయం మొదట ఏడాదికి 1 కోటి 20 లక్షల మంది ప్రయాణీకులకు సరిపోయేటట్లు తయారైంది. తర్వాత దానిని 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేటట్లు విస్తరించారు. 2023-24లో అక్కడి నుంచి రాకపోకలు సాగించిన వారు దాదాపు రెండున్నర కోట్ల మంది.

విమానాశ్రయం పెద్దదైంది, దేశదేశాలకు దారి తెరుచుకున్నది. అయితే మోత్కూర్ వంటి ఊళ్లకు అది ఒక్క రాత్రిలో సుమారు పాతిక కిలోమీటర్లు వెనక్కి జరిగింది. నగరానికి ఈశాన్యాన, తూర్పున ఉన్న వారికి విమానాశ్రయం నైరుతి మూలకు పోయింది. మధ్యలో నగరమంతా అడ్డం.

పక్కనున్న పాలమూరు జిల్లా సంగతి వేరు. శంషాబాద్ బెంగుళూరు రహదారి మీదనే ఉన్నది. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వారు నగరంలో అడుగు పెట్టకుండానే విమానం ఎక్కవచ్చు. ఒకప్పుడు లారీలలో, రైళ్లలో వలస కూలీలను దేశమంతటికీ పంపిన జిల్లాకు విమానాశ్రయం గుమ్మం ముందుకు వచ్చింది. సొంత ఊళ్లోనే ఇల్లు కట్టుకుని విమాన కొలువు చేయటం షాద్‌నగర్ వానికి సాధ్యమే. మోత్కూర్ వానికి ఆ వీలు లేదు. అందుకే ఇక్కడ ఈ తర్జనభర్జన.

ఒక ఉపాధ్యాయుని ఇంట్లో

మోత్కూర్‌లో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట్లో జరిగిన చర్చ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన ఉద్యోగంలో ఉండగా అప్పు చేసి బోడుప్పల్‌లో ఒక ప్లాటు కొన్నారు. తర్వాత దాని మీద చిన్న ఇల్లు లేచింది. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు అందులోనే ఉంటున్నారు. కోడలు ఉప్పల్‌లో బ్యాంకు ఉద్యోగి. కొడుకు ప్రతి సోమవారం పొద్దున బెంగుళూరు పోయి శుక్రవారం రాత్రి తిరిగి వస్తాడు.

పొద్దున ఆరున్నర విమానానికి అతను మూడున్నరకు లేచి నాలుగు గంటలకు ఇల్లు వదలాలి. శుక్రవారం విమానం ఎనిమిదిన్నరకు దిగినా ఇంటికి చేరేసరికి పది దాటుతుంది. పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఈ బాధ భరించలేక బోడుప్పల్ ఇల్లు అమ్మి, అత్తాపూర్ వైపు ఫ్లాటు కొందామని అతను ప్రతిపాదించాడు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 2009లో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 11 కిలోమీటర్లకు పైగా పొడవున అత్తాపూర్ మీదుగానే పోతుంది. అక్కడి నుంచి విమానాశ్రయం అరగంట ప్రయాణం.

తండ్రి లెక్కల మాస్టారు. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద లెక్క వేశారు. అత్తాపూర్ పోతే ఒక్కొక్క వైపు గంట మిగులుతుంది. వారానికి రెండు గంటలు. ఏడాదికి 50 వారాలు అనుకుంటే 100 గంటలు. ఇది రాబడి. ఇక ఖర్చు. ఇప్పుడు కొడుకు నెలకు రెండుసార్లు ఊరికి వస్తున్నాడు. బోడుప్పల్ నుంచి మోత్కూర్ రెండు గంటలు. అత్తాపూర్ నుంచి నగరం దాటి రావటానికి ఇంకో గంటన్నర ఎక్కువ. రానుపోను మూడు గంటలు. ఏడాదికి 24 సార్లు అనుకుంటే 72 గంటలు. నూటిలో 72 పోగా 28 గంటలు మిగిలినట్లే.

"చూడు బాపూ, లాభమే ఉన్నది కద" అన్నాడు కొడుకు.

మాస్టారు పెన్ను కింద పెట్టారు. "ఆ నూరు గంటలు నిజంగ మిగుల్తయి బిడ్డా. ఎందుకంటే విమానం నువ్వు మానేది లేదు, ఆఫీసోళ్లు మాననియ్యరు. ఈ డెబ్బై రెండు గంటలు మాత్రం నువ్వు ఖర్చు పెట్టవు. రావుడే మానేస్తవు" అన్నారు.

లెక్కకు అందని సంగతి అంటే ఇదే. ఆఫీసు ప్రయాణం ఆగదు కాబట్టి దాని దూరం కనపడుతూ ఉంటుంది. ఊరి ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు కాబట్టి దూరం పెరిగిన కొద్దీ అది చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది. నెలకు రెండుసార్లు ఒకసారి అవుతుంది. ఒకసారి పండుగలకే అవుతుంది. ఎవరూ ఎవరితోనూ తగవు పడకుండానే ఇది జరిగిపోతుంది.

గంటలో దిగాడు, కాని...

మరో ఇంటి అనుభవం ఇంకా చేదైనది. మండలంలోని ఒక గ్రామానికి చెందిన యువకుడు కొలువుకు, విమానానికి రెండింటికీ దగ్గరని గచ్చిబౌలి దాటి పడమట వైపు ఫ్లాటు కొనుక్కున్నాడు. 2008లో ఔటర్ రింగ్ రోడ్డులో మొదట తెరిచిన భాగం గచ్చిబౌలి, శంషాబాద్ మధ్యదే. కాబట్టి అటువైపు కొలువుల వారికి విమానాశ్రయం ముందునుంచీ చేరువే. ఆ యువకుని ఎంపికలో తప్పేమీ లేదు.

ఒక సాయంత్రం అతను బెంగుళూరులో ఉండగా తండ్రికి గుండెపోటు వచ్చిందని ఫోన్ వచ్చింది. చేతికందిన మొదటి విమానం పట్టుకున్నాడు. గంటా పది నిమిషాలలో శంషాబాద్‌లో దిగాడు. కారు ఇంటి దగ్గర ఉన్నది. దానిని తెచ్చుకుని, భార్యా పిల్లలను ఎక్కించుకుని, నగరం చుట్టూ తిరిగి ఊరు చేరేసరికి విమానంలో గడిపిన కాలానికి మూడింతలు పట్టింది. తండ్రి అప్పటికే కన్నుమూశారు. బోడుప్పల్‌లోనో, ఘట్‌కేసర్‌లోనో ఉండి ఉంటే ప్రాణం దక్కేదని ఎవరూ అనలేరు. కాని కడసారి చూపు దక్కి ఉండేదేమో అన్న మాట ఆ ఇంట్లో ఇప్పటికీ వినపడుతున్నది. ఆకాశంలో వందల కిలోమీటర్లు గంటలో దాటించే విద్య మనిషికి వచ్చింది. నేల మీది వంద కిలోమీటర్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

డల్లాస్‌లోనూ ఇదే మాట

ఈ చిక్కు మన దగ్గరే ఉన్నదనుకోనక్కరలేదు. అమెరికాలో డల్లాస్, ఫోర్ట్‌వర్త్ నగరాల నడుమ 1974 జనవరిలో ఒక పెద్ద విమానాశ్రయం తెరిచారు. దాని విస్తీర్ణం 17,000 ఎకరాల పైచిలుకు. అంటే శంషాబాద్‌కు మూడు రెట్లు. ఆ విమానాశ్రయాన్ని ఆనుకునే ఇర్వింగ్, కొప్పెల్ అనే పట్టణాలు ఉన్నాయి. అక్కడా, ఇంకొంచెం ఉత్తరాన ఫ్రిస్కో, ప్లానో పట్టణాలలోనూ తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. అందుకు కొలువులు, బడులు, గుడులు ఎన్నో కారణాలు. విమాన సౌకర్యం కూడా వాటిలో ఒకటి. సోమవారం పొద్దున పోయి గురువారం రాత్రి తిరిగివచ్చే సలహాదారు కొలువులు అక్కడ మామూలు. అటువంటి కొలువు చేసేవారు నేరు విమానాలు ఎక్కువగా ఉన్న పట్టణం చూసుకుని మరీ కాపురం పెడతారు. చిన్న ఊరి నుంచి పోతే దారిలో ఇంకో చోట దిగి మారాలి. అట్లా మారిన ప్రతిసారీ సగం పూట పోతుంది.

అయితే విమానాశ్రయం గోడ పక్కనే ఇల్లు తీసుకునే వారికి ఇంకో బాధ ఉన్నది. రాత్రింబగళ్లు నెత్తిమీద మోత. పడుకున్న పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. అందుకే విమానాలు ఎక్కే దిక్కు, దిగే దిక్కు ఏదో కనుక్కుని, ఆ వరుసకు పక్కగా ఇల్లు చూసుకోవటం అక్కడి వారి పద్ధతి. ఈ జాగ్రత్త శంషాబాద్ వైపు కొనేవారికీ అవసరమే.

ప్లాటు కొనేముందు

విమానాశ్రయం పక్కన అనే మాట చెప్పి అమ్మే ప్లాట్లకు కొదవ లేదు. పక్కన అంటే ఐదు కిలోమీటర్లా, నలభై కిలోమీటర్లా అన్నది చెప్పేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. కష్టపడి కూడబెట్టిన సొమ్ము పెట్టేముందు కొన్ని సంగతులు విచారించుకోక తప్పదు.

మొదటిది 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల నీరు చెడిపోకుండా కాపాడేందుకు 1996 మార్చిలో ప్రభుత్వం ఇచ్చిన ఈ ఉత్తర్వు పరిధిలోకి 84 గ్రామాలు వచ్చాయి. శంషాబాద్ మండలంలోని గ్రామాలు కూడా కొన్ని అందులో ఉన్నాయి. ఆంక్షలు సడలిస్తూ 2022లో మరో జీవో వచ్చింది. అయినా ఫలానా సర్వే నంబరులో ఇల్లు కట్టుకోవటానికి అనుమతి వస్తుందా రాదా అన్నది హెచ్‌ఎండీఏ వద్ద కాగితం చూసుకున్నాకే బయానా ఇవ్వటం మంచిది. రెండవది ఎత్తు. విమానాలు ఎక్కి దిగే దారిలో ఎంత ఎత్తు కట్టవచ్చునన్న దానికి హద్దులున్నాయి. పైన ఇంకో రెండు అంతస్తులు వేసుకోవచ్చునని ఆశపడి కొనేవారు ముందే కనుక్కోవాలి. మూడవది దారి. మ్యాపులో దగ్గరగా కనపడే ఊరు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే చోటికి దూరంగా ఉండవచ్చు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కటానికి లేదు. మోటారు సైకిళ్లను, ఆటోలను దాని మీదికి రానివ్వరు.

నాలుగవది, విమానం ఎక్కేవాడు ఒక్కడే, ఇంట్లో ఉండేవారు నలుగురు. భార్య కొలువు, పిల్లల బడి, ముసలివారి ఆసుపత్రి ఎక్కడున్నాయో చూసుకోకుండా ఒక్కరి సౌకర్యం కోసం అందరినీ తరలిస్తే, మిగిలిన గంటల కంటె పోయిన గంటలే ఎక్కువవుతాయి. ఐదవది, తరచూ పోయే ఊరికి విమానమే దిక్కా అన్నది. ఉదాహరణకు కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య 2023 సెప్టెంబరులో వందే భారత్ రైలు మొదలైంది. దానికి ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. అందరికీ అది పనికిరాదు. నెలకోసారి పోయే వారికి మాత్రం ఆలోచించదగినదే.

ముసలివారి మాట

కొడుకులు, కూతుళ్లు అమెరికాలో ఉన్న ఇండ్లలో లెక్క ఇంకో విధంగా ఉన్నది. ఏటా ఒకసారి తల్లిదండ్రులు అక్కడికి పోయి వస్తారు. రాత్రివేళ ఇంత దూరం కారులో పోలేరు, విమానాశ్రయం దగ్గర ఫ్లాటు కొంటాం, అక్కడే ఉండండి అని పిల్లలు ఒత్తిడి చేస్తున్నారు. కొందరు ఒప్పుకుని పోయారు. నాలుగు గోడల మధ్య, పలకరించే మనిషి లేక కొద్ది నెలలకే తిరిగివచ్చిన వారూ ఉన్నారు.

ఒక ముసలమ్మ జవాబు ఊళ్లో అందరికీ నచ్చింది. "ఏడాదికి రెండుసార్లు ఎక్కే మోటరు కోసం మూడు వందల అరవై దినాలు ఇల్లిడిసి ఉండాల్నా కొడుకా? ఆ రెండు దినాలు నేనే తిప్పలు పడ్త" అని ఆమె ఫోన్‌లో చెప్పిందట.

ముసలివారికి విమానాశ్రయం కంటె ఆసుపత్రి దగ్గరుండటం ముఖ్యం. ఈ విషయంలో తూర్పు వైపు వారికి కొంత మేలు జరిగింది. బీబీనగర్‌లో ఏర్పడిన ఎయిమ్స్ మోత్కూర్ నుంచి హైదరాబాద్ పోయే దారిలోనే ఉన్నది. నగరం నడిబొడ్డుకు పోనవసరం లేకుండా పెద్ద వైద్యం అందే చోటు దారిలో ఉండటం చిన్న సంగతి కాదు.

మామునూరు మీద ఆశ

విమానమే ఊరికి దగ్గరగా వస్తే? ఈ ఆశ కూడా లేకపోలేదు. వరంగల్ పక్కన మామునూరులో నిజాం ప్రభుత్వం 1930లో విమానాశ్రయం కట్టించింది. 1981 వరకు అక్కడ విమానాలు దిగాయి. తర్వాత అది మూతపడింది. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండటంతో మామునూరు ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోయింది. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పటంతో, 2025 ఫిబ్రవరి చివరలో కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరుకు అనుమతి ఇచ్చింది. రన్‌వే పెంచేందుకు అదనంగా 253 ఎకరాలు కావాలని నిర్ణయించారు.

మోత్కూర్ నుంచి జనగామ మీదుగా మామునూరుకు దూరం శంషాబాద్ కంటె తక్కువే. నగరం అడ్డం లేదు. అక్కడ బెంగుళూరుకో, ఢిల్లీకో పొద్దున ఒక విమానం, రాత్రి ఒక విమానం ఉంటే చాలు, సొంత ఊళ్లోనే ఉండి కొలువు చేయవచ్చునని యువకులు కొందరు ఇప్పటినుంచే కలలు కంటున్నారు. అయితే విమానాశ్రయం ఉండటం వేరు, కావలసిన వేళకు కావలసిన ఊరికి విమానం ఉండటం వేరు. చిన్న విమానాశ్రయంలో ఒక్క విమానం రద్దయితే ఆ రోజు మరొకటి దొరకదు. కాబట్టి మామునూరును నమ్ముకుని ఇప్పుడే ఇల్లు కొనటం తొందరపాటు అవుతుందని అనుభవజ్ఞులు హెచ్చరిస్తున్నారు.

మెట్రో సంగతీ అంతే. 2017 నవంబరులో మెట్రో రైలు నాగోలు వరకు, 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వరకు వచ్చింది. నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ విమానాశ్రయం వరకు 36 కిలోమీటర్లకు పైగా మెట్రో వేయాలన్న ప్రతిపాదన 2024 నవంబరులో రాష్ట్రం నుంచి కేంద్రానికి పోయింది. అది కార్యరూపం దాలిస్తే నల్లగొండ వారి ఉప్పల్, నాగోలు, ఎల్బీనగర్ ఇండ్లకే విమానాశ్రయం దగ్గరవుతుంది. తండ్రులు ఊరి బస్సును చూసి కొన్న ప్లాట్లు కొడుకుల విమానానికి కూడా పనికివస్తాయి. కాని ప్రతిపాదన మీద ప్రయాణం చేయలేము. అంతవరకు ఆర్టీసీ పుష్పక్ బస్సో, అద్దె కారో తప్పదు.

చివరికి ఏం తేల్చారు?

ఉపాధ్యాయుని ఇంటి చర్చ మూడు నెలలు నడిచింది. అన్నిటికంటె ముందుగా వినవలసిన మనిషి అభిప్రాయం అందరికంటె చివర బయటికి వచ్చింది. ఆమె మాస్టారు భార్య. ఆయాసం జబ్బు మనిషి. లెక్కల కాగితాలన్నీ చూసి ఆమె ఒక్క ప్రశ్న అడిగింది. "రాత్రి పూట నాకు దమ్మొచ్చి ఫోన్ చేస్తే, ఏ ఇంటి నుంచైతే తెల్లారేలోపల వస్తవో ఆడ ఉండు నాయినా. కడమది మీ ఇష్టం" అన్నది.

ఆ తర్వాత కొడుకు మ్యాపు ముందేసుకుని కొత్తగా చూశాడు. విమానాశ్రయం ఒక కొస, ఊరు మరో కొస. రెంటి మధ్య ఎక్కడ నిలబడితే రెండు వైపులా ఆటంకం లేని దారి దొరుకుతుందని వెతికాడు. అతనికి ఘట్‌కేసర్ కనపడింది. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిగ్నళ్లు లేకుండా గంటలోపు శంషాబాద్. ఇటు తిరిగితే వరంగల్ రహదారి, భువనగిరి, గంటన్నరలో మోత్కూర్. భార్య బ్యాంకు ఉన్న ఉప్పల్ అదే దారిలో ఉన్నది. అత్తాపూర్ అంత దగ్గర కాదు. సోమవారం పొద్దున నాలుగు గంటలకు బదులు నాలుగుంబావుకు కదలాలి, అంతే. కాని శుక్రవారం విమానం దిగినవాడు నేరుగా ఊరికి రావాలనుకున్నా అదే దారి.

ఇల్లు అమ్మలేదు, కొత్తది కొననూ లేదు. బోడుప్పల్ ఇల్లు అద్దెకిచ్చి, ఆ అద్దెతో ఘట్‌కేసర్‌లో ఒక ఏడాది అద్దెకు ఉండి చూద్దామని నిర్ణయించారు. నాలుగు కాలాలు గడిస్తే తప్ప ఒక చోటు మంచీ చెడూ తెలియదని మాస్టారి సిద్ధాంతం. వానకాలంలో నీళ్లు నిలుస్తాయా, ఎండకాలంలో బోరు ఎండుతుందా, పండుగ రోజుల్లో టోల్‌గేటు దగ్గర ఎంతసేపు ఆగవలసి వస్తుంది, ఇవన్నీ అద్దెకున్న ఏడాదిలో తేలిపోతాయి. కొలువు మారవచ్చు కూడా. బెంగుళూరు కొలువు మీద ఇల్లు కట్టుకుంటే, ఆ కొలువు పోయిన నాడు ఇంటిని మోసుకుపోలేము కదా అని ఆయన అంటున్నారు.

తరచూ ప్రయాణం చేసే వారు ఇంటి కోసం వెతికేటప్పుడు కిలోమీటర్లు కాక గంటలు లెక్కపెట్టుకోవాలి. గంటలతో పాటు ఆ దారి నమ్మదగినదా కాదా అన్నది చూసుకోవాలి. మానలేని ప్రయాణాలను, మానేయగలిగిన ప్రయాణాలను విడివిడిగా రాసుకోవాలి. మానేయగలిగిన వాటిలోనే చాలా వరకు మన మనుషులుంటారు.

ఘట్‌కేసర్‌కు మారి నాలుగు నెలలైంది. మాస్టారి ఇంట్లో గోడ మీద కేలండరు వేలాడుతున్నది. కొడుకు వచ్చిన రోజుల్లా ఆ ఇంటి ఇల్లాలు దాని మీద ఎర్ర పెన్నుతో సున్న చుట్టిపెడుతున్నది. మొదటి నెల రెండు సున్నలు. రెండో నెల మూడు. మూడో నెల ఒక్కటే. ఆ నెల కొడుకు వరుసగా ఢిల్లీ తిరిగాడట. నాలుగో నెల మళ్లీ మూడు. ఇల్లు ఎక్కడ కొనాలన్నది ఏడాది తిరిగాక ఆ కేలండరు చూసి తేల్చుకుంటామని ఆ కుటుంబం చెబుతున్నది.